భూగర్భ బొగ్గు గనుల్లో డీజిల్ యంత్రాలు: పొగను గాలిలో కొలవాలా, గొట్టం దగ్గరే ఆపాలా?

బాయిదీపం (విశ్రాంత ఓవర్‌మ్యాన్, గోదావరిఖని)

సభ్యులందరికీ నమస్కారం. నేను 33 సంవత్సరాలు భూగర్భంలో పనిచేసి దిగిపోయినవాడిని. మా కాలంలో బొగ్గు ఎత్తే యంత్రం ఎస్‌డీఎల్ అయినా ఎల్‌హెచ్‌డీ అయినా కేబుల్ మీద నడిచేది. టబ్బులను హాలేజ్ తాడు లాగేది. డీజిల్ వాసన బాయి బయట లారీల దగ్గరే తప్ప లోపల ఎరుగం. ఇప్పుడు మా తమ్ముడి కొడుకు వేరే రాష్ట్రంలోని ఒక భూగర్భ గనిలో పనిచేస్తున్నాడు. అక్కడ మనుషులనూ సామాన్లనూ ఫేస్ (బొగ్గు కోసే చోటు) దగ్గరకు చేర్చడానికి రబ్బరు చక్రాల డీజిల్ బండ్లు తిప్పుతున్నారట. షిఫ్ట్ ముగిసే వేళకు కళ్లు మండుతున్నాయనీ, తలనొప్పి వస్తోందనీ, ముక్కు తుడుచుకుంటే మామూలు బొగ్గు ధూళి కంటే జిడ్డుగా ఉండే నలుపు వస్తోందనీ చెప్పాడు. అధికారులను అడిగితే “మీటర్ పెట్టి చూశాం, గాలి బాగానే ఉంది” అన్నారట. ఏ మీటర్ అని నేను అడిగాను. మీథేన్ కొలిచేదీ, కార్బన్ మోనాక్సైడ్ కొలిచేదీ అని వాడు చెప్పాడు.

ఆ రెండు మీటర్లలో ఏదీ మసిని కొలవదని నాకు తెలుసు. అయితే మసికి ఏ నియమం ఉండాలి, దాన్ని ఎక్కడ కొలవాలి, ఎవరు కొలవాలి అన్నది నాకు స్పష్టంగా తెలియదు. లోతు పెరిగే కొద్దీ, ఫేస్‌లు దూరమయ్యే కొద్దీ మన ప్రాంతంలోనూ ఇటువంటి బండ్ల అవసరం పెరగవచ్చు. యంత్రం దిగిన తరువాత నియమం వెతకడం కంటే ముందే తెలుసుకోవడం మంచిదని ఈ చర్చ మొదలుపెడుతున్నాను.

గాలిలెక్క (వెంటిలేషన్ విభాగం)

ఓవర్‌మ్యాన్ గారూ, మొదట మన దగ్గర ఉన్న లెక్క చెబుతాను. బొగ్గు గనుల నిబంధనలు 2017 ప్రకారం ఒక వెంటిలేషన్ డిస్ట్రిక్ట్‌లో (ఒకే గాలి ప్రవాహం అందే గని భాగంలో) అతి పెద్ద షిఫ్ట్‌లో పనిచేసే ఒక్కొక్క మనిషికి నిమిషానికి 6 ఘనపు మీటర్ల గాలి, లేదా రోజువారీ ఉత్పత్తిలో ఒక్కొక్క టన్నుకు నిమిషానికి 2.5 ఘనపు మీటర్ల గాలి, ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే అది అందాలి. ఆక్సిజన్ 19 శాతానికి తగ్గకూడదు, కార్బన్ డయాక్సైడ్ 0.5 శాతం మించకూడదు, రిటర్న్ గాలిలో (పని చోట్లు దాటి బయటకు పోయే గాలిలో) మీథేన్ 0.75 శాతం, గనిలో మరే చోటనైనా 1.25 శాతం దాటకూడదు. ఈ లెక్క మనుషులనూ టన్నులనూ చూస్తుంది, ఇంజిన్ శక్తిని చూడదు. ఇరవై మంది పనిచేసే, కొత్త దారులు తవ్వుతూ ఉత్పత్తి తక్కువగా ఉన్న డెవలప్‌మెంట్ డిస్ట్రిక్ట్‌లోకి 100 కిలోవాట్ల డీజిల్ ఇంజిన్ దిగినా ఈ ఒక్క సూత్రం ప్రకారం రావలసిన గాలి మారదు. అందుకే డీజిల్ యంత్రానికి అనుమతి ఇచ్చేటప్పుడు రాసే షరతుల్లోనే అసలు రక్షణ ఉంటుంది. ఆ షరతుల కాగితాన్ని మీ అబ్బాయి చూశాడా?

ఇంకొక మాట. డీజిల్ బండి ఒక్కటే ఉన్నప్పుడు సరిపోయే గాలి, అదే గాలి దారిలో రెండోది వచ్చి నిలబడితే సరిపోదు. అమెరికాలో ప్రతి ఇంజిన్‌కూ పరీక్ష చేసి, దాని ఆమోద పలక మీద ఎంత గాలి కావాలో చెక్కుతారు. ఒకే గాలి ప్రవాహంలో రెండు మూడు యంత్రాలు నడిస్తే ఆ పలకల మీది అంకెలన్నీ కూడాలి. మన గనుల్లో మెటీరియల్ బండి వెనుకే మనుషుల బండి రావడం, రెండూ ఒకే జంక్షన్‌లో ఆగడం మామూలు విషయం. ఆ సమయంలో అక్కడి గాలి సరిపోతుందా లేదా అని లెక్క వేసే బాధ్యత ఎవరిదో కాగితం మీద పేరుతో సహా ఉండాలి.

కొత్తబావి (మైనింగ్ ఇంజనీరింగ్ విద్యార్థి, కొత్తగూడెం)

సార్, నాదొక ప్రాథమిక సందేహం. బొగ్గు ధూళికి ఘనపు మీటరుకు ఇన్ని మిల్లీగ్రాములు అనే హద్దు ఉంది. మనిషి నడుముకు పంపు కట్టి, కాలర్ దగ్గర ఫిల్టర్ పెట్టి, షిఫ్ట్ అంతా నమూనా తీస్తారు. డీజిల్ మసికి కూడా అదే పద్ధతి పెట్టి ఒక హద్దు రాసేస్తే సరిపోదా? ఇంజిన్ల పలకలు, ప్రయోగశాల పరీక్షలు ఇవన్నీ ఎందుకు?

అప్పలాచియా (మైన్ సేఫ్టీ ఇంజనీరు, పిట్స్‌బర్గ్ సమీపం, స్వస్థలం మంచిర్యాల)

తమ్ముడూ, నీ ప్రశ్నే అమెరికాలో ఎన్నో ఏళ్లు నలిగిన ప్రశ్న. దానికి జవాబు బొగ్గు గనికీ ఇతర గనులకీ వేరు వేరుగా వచ్చింది. కొంచెం వివరంగా రాస్తాను, ఓపికతో చదవండి.

డీజిల్ మసిని గాలిలో కొలవడానికి వాడే గుర్తు మూలక కార్బన్, అంటే సమ్మేళనంగా కాక విడిగా ఉండే కార్బన్. సున్నపురాయి గనిలోనో ఉప్పు గనిలోనో ఫిల్టర్ మీద మూలక కార్బన్ దొరికితే అది దాదాపుగా ఇంజిన్ నుంచి వచ్చిందేనని చెప్పవచ్చు. బొగ్గు గనిలో అలా చెప్పలేం, ఎందుకంటే బొగ్గు ధూళిలోనూ కార్బనే ఉంది. ప్రయోగశాలకు ఫిల్టర్ పంపితే, ఇందులో ఎంత ఇంజిన్‌ది, ఎంత బొగ్గుది అన్న వాదం మొదలవుతుంది. ఇంజిన్ మసి చాలావరకు ఒక మైక్రాన్ కంటే చిన్నది, బొగ్గు ధూళి చాలావరకు అంతకంటే పెద్దది. కాబట్టి పెద్ద కణాలను ముందే వేరుచేసే పరికరంతో కొంతవరకు విడదీయవచ్చు. కానీ ఫేస్ దగ్గర ఉండే సన్నని బొగ్గు ధూళి కూడా ఆ జల్లెడ దాటి వస్తుందన్న అభ్యంతరం అప్పట్లో బలంగా వినిపించింది.

అందువల్ల అమెరికా గని భద్రతా విభాగం 2001 జనవరి 19న రెండు దారులు వేసింది. లోహ, అలోహ గనులకు గాలిలో హద్దు పెట్టింది. దశలవారీగా తగ్గించిన తరువాత అది 2008 మే నుంచి మొత్తం కార్బన్ (మూలక కార్బన్, సేంద్రియ కార్బన్ కలిపి) లెక్కన ఘనపు మీటరుకు 160 మైక్రోగ్రాములు అయింది. బొగ్గు గనులకు మాత్రం గాలిలో హద్దు పెట్టకుండా పొగగొట్టం దగ్గరే హద్దు పెట్టింది. ఫేస్ వంటి ప్రమాదకర ప్రాంతాల్లో తిరిగే, పేలుడు రక్షణ ఉన్న యంత్రం గంటకు 2.5 గ్రాములకు మించి మసి వదలకూడదు. ఫేస్‌కు దూరంగా గని లోపలి రోడ్లలో తిరిగే భారీ యంత్రాలకు మొదట గంటకు 5 గ్రాములు, 2005 జనవరి నుంచి అవీ 2.5 గ్రాములు. కొత్తగా గనిలోకి తెచ్చే తేలికపాటి బండ్లకు 5 గ్రాములు. దీనికి ముందే, 1996 అక్టోబరు 25న వచ్చిన నియమాలు ఇంజిన్ల ఆమోదం, ఇంధన నిల్వ, మంటల నివారణ, గాలి పరిమాణం, నిర్వహణ వంటివన్నీ చెప్పేశాయి. 2001 నాటిది వాటిపై కట్టిన రెండో అంతస్తు.

రాష్ట్రాలు ఇంకా ముందుకు వెళ్లాయి. వెస్ట్ వర్జీనియాలో భూగర్భ బొగ్గు గనుల్లో డీజిల్‌ను 1997 వరకు అసలు రానివ్వలేదు. ఆ ఏడాది చట్టం చేసి, కార్మికుల వైపు నుంచీ యాజమాన్యాల వైపు నుంచీ సభ్యులతో ఒక డీజిల్ కమిషన్ వేసి, నియమాలు రాసిన తరువాతే తలుపు తెరిచారు. నేను ఉండే పెన్సిల్వేనియాలో 1996 చట్టం ఫిల్టర్ సగటున 95 శాతం మసిని పట్టాలని చెప్పింది. అంతేకాక, ఇంజిన్ పలక మీద రాసిన గాలిలో ఆ పొగ కలిస్తే మసి ఘనపు మీటరుకు 0.12 మిల్లీగ్రాములకు మించని విధంగా ఇంజిన్, ఫిల్టర్ జంటను ఎంచాలని కూడా చెప్పింది. ఇక్కడి గని కార్మిక సంఘం ఏళ్ల తరబడి డీజిల్‌ను అడ్డుకున్నది కాబట్టే, చివరకు ఒప్పుకున్నప్పుడు ఇంత గట్టి షరతులు రాయించగలిగిందని నా అభిప్రాయం. ఒకసారి యంత్రాలు దిగి ఉత్పత్తి వాటి మీద ఆధారపడిన తరువాత అదే షరతులు అడిగి ఉంటే ఇచ్చేవారని నేను నమ్మను.

గాలిలెక్క

అప్పలాచియా గారు ఇచ్చిన అంకెకు ఒక చిన్న లెక్క జోడిస్తాను. సెకనుకు 10 ఘనపు మీటర్ల గాలి నడిచే గాలరీ (గని లోపలి దారి) అనుకుందాం. గంటకు 36,000 ఘనపు మీటర్లు. గంటకు 2.5 గ్రాముల మసి వదిలే ఒక యంత్రం అందులో నడిస్తే, సరిగ్గా కలిసిపోయిందనుకుంటే, ఘనపు మీటరుకు దాదాపు 0.07 మిల్లీగ్రాములు. రెండు యంత్రాలైతే 0.14. అదే, ఫిల్టర్ లేని పాత ఇంజిన్ గంటకు 25 గ్రాములు వదిలితే ఒక్క యంత్రంతోనే 0.69 అవుతుంది. దాన్ని మళ్లీ 0.07కి దించాలంటే సెకనుకు 100 ఘనపు మీటర్లు కావాలి. ఒక డిస్ట్రిక్ట్‌కు అంత గాలి తేవడం మెయిన్ ఫ్యాన్‌కు సాధ్యం కాని పని. గాలి పెంచి మసిని పలుచన చేద్దామనే ఆలోచన ఎందుకు ఒక హద్దు దగ్గర ఆగిపోతుందో, ఫిల్టర్ ఎందుకు తప్పదో ఈ నాలుగు అంకెల్లోనే ఉంది. ఇది మొత్తం మసి లెక్క. మూలక కార్బన్ ఇందులో ఒక భాగం మాత్రమే కాబట్టి, ఈ అంకెలను ఇతర దేశాల మూలక కార్బన్ హద్దులతో నేరుగా పోల్చకూడదు.

నల్లనేల (పిట్ సేఫ్టీ కమిటీలో కార్మికుల తరఫు సభ్యుడు)

పెద్దలు చెప్పిన విషయాలు విలువైనవే గానీ నాకొక గట్టి అభ్యంతరం ఉంది. గంటకు 2.5 గ్రాములు అనేది కొత్త ఇంజిన్‌ను ప్రయోగశాలలో నిలబెట్టి, లెక్క ప్రకారం లోడు మార్చుతూ కొలిచిన అంకె. గనిలోకి వచ్చిన ఆరు నెలలకు ఆ ఇంజిన్ ఇంజెక్టర్ కారుతుంది, ఎయిర్ ఫిల్టర్ బొగ్గు ధూళితో మూసుకుపోతుంది, ఎవరో ఒకరు శక్తి చాలడం లేదని ఇంధనం పెంచుతారు. అప్పుడు గొట్టం నుంచి ఎంత వస్తోందో ఆ పలక చెప్పదు. పలక మీద రాసినదే నిజమని కాగితం నింపుతూ పోతే, ఓవర్‌మ్యాన్ గారి తమ్ముడి కొడుకు కళ్లు మండుతూనే ఉంటాయి. నా దృష్టిలో, కార్మికుడి దగ్గర గాలిలో కొలవని నియమం సగం నియమమే.

అప్పలాచియా

నల్లనేల గారి మాటను పూర్తిగా ఒప్పుకుంటాను. అందుకే ఇక్కడ ప్రయోగశాల పరీక్షతో వదిలిపెట్టలేదు. పేలుడు రక్షణ ఉన్న యంత్రాలకూ భారీ యంత్రాలకూ వారానికొకసారి ఇంజిన్‌పై లోడు పెట్టి, గాలిలో కలవక ముందు పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఎంత ఉందో కొలిచి, పుస్తకంలో రాయాలి. చేసే విధానం సులభమే. బ్రేకు పట్టి, గేరు వేసి, యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కితే ఇంజిన్ మీద పూర్తి లోడు పడుతుంది. ప్రతిసారీ అదే విధంగా చేయాలి, లేకపోతే ఈ వారం అంకెను పోయిన వారం అంకెతో పోల్చలేం. ఊరికే నిలబెట్టి ఐడిల్‌లో కొలిస్తే దేనికీ పనికిరాదు. ఇంజిన్ కొత్తగా ఉన్నప్పుడు తీసిన అంకె ఆధారం. ఆ అంకె నుంచి పైకి జారుతోందంటే మసి కూడా పెరుగుతోందనడానికి అది ముందస్తు సూచన. పెన్సిల్వేనియాలో దీనికి తోడు ప్రతి 100 గంటల నడకకు ఒక నిర్వహణ పరీక్ష ఉంది.

మీరు అడిగిన రెండో భాగం, అంటే కార్మికుడి దగ్గర కొలవడం, వాయువుల విషయంలో ఉంది. యంత్రం పనిచేసే చోట కార్బన్ మోనాక్సైడ్ గానీ నైట్రోజన్ డయాక్సైడ్ గానీ అనుమతించిన హద్దులో సగం దాటితే వెంటనే చర్య తీసుకోవాలి. మసి విషయంలో లేదు. అది ఈ దేశపు నియమంలో లోటే. దాన్ని నేను సమర్థించను.

దక్షిణతీరం (మెకానికల్ ఇంజనీరు, న్యూ సౌత్ వేల్స్, ఆస్ట్రేలియా)

నల్లనేల గారు కోరినది మా దగ్గర ఉంది. న్యూ సౌత్ వేల్స్‌లో 2021 ఫిబ్రవరి 1 నుంచి డీజిల్ మసికి మూలక కార్బన్ లెక్కన ఘనపు మీటరుకు 0.1 మిల్లీగ్రాముల హద్దు అమల్లో ఉంది, బొగ్గు గనులతో సహా. ఒక మైక్రాన్ కంటే చిన్న కణాలనే పట్టే నమూనా పరికరం వాడతాం. బొగ్గు ధూళి కలుస్తుందన్న అభ్యంతరం పూర్తిగా పోలేదు గానీ, నియమమే పెట్టలేనంత పెద్దది కాదని ఇక్కడి అనుభవం. ఐరోపా సంఘం ఇంకా ముందుకు వెళ్లి 0.05 మిల్లీగ్రాములు పెట్టి, భూగర్భ గనులకు 2026 ఫిబ్రవరి 21 వరకు గడువు ఇచ్చింది.

అయితే, గాలిలో కొలిచే నమూనా ఫలితం ప్రయోగశాల నుంచి వచ్చేసరికి రోజులు గడుస్తాయి. ఆలోగా ఆ మసి ఊపిరితిత్తుల్లోకి వెళ్లిపోయింది. కాబట్టి గొట్టమా గాలా అని ఒకటి ఎంచుకునే విషయం కాదిది. యంత్రాన్ని పనికి పంపవచ్చా లేదా అన్నది గొట్టం దగ్గరి పరీక్ష ఈరోజే తేలుస్తుంది. మన ఏర్పాట్లు మొత్తంగా పనిచేస్తున్నాయా లేదా అన్నది గాలి నమూనా తరువాత తేలుస్తుంది.

ఒక విషయం ప్రత్యేకంగా చెప్పాలి. లాంగ్‌వాల్ అంటే పొడవైన గోడలాంటి ఫేస్ వెంట బొగ్గు కోసే పద్ధతి. రోజువారీ బొగ్గు తీతలో కంటే లాంగ్‌వాల్ మార్పిడి సమయంలో మసి ఎక్కువ. ఒక ప్యానెల్ (తవ్వడానికి విడదీసిన బొగ్గు భాగం) అయిపోయి మరో ప్యానెల్‌కు వెళ్లేటప్పుడు పైకప్పును మోసే ఇరవై ముప్పై టన్నుల షీల్డులను ఒక్కొక్కటిగా డీజిల్ క్యారియర్ల మీద తరలిస్తారు. ఒకే రోడ్డులో నాలుగైదు పెద్ద ఇంజిన్లు పూర్తి లోడుతో నడుస్తాయి, మనుషులూ వాటి మధ్యే ఉంటారు. నేను పనిచేసిన ఒక గనిలో మొదటిసారి మార్పిడి అప్పుడు బండ్ల సంఖ్యకు హద్దే పెట్టలేదు. మూడో రోజుకు ఎదురుగా వచ్చే మనిషి దీపం మసకగా కనిపించింది. తరువాతి మార్పిడికి గాలరీ ముఖద్వారం దగ్గర ఒక బోర్డు పెట్టారు. లోపలికి వెళ్లే ప్రతి బండికీ దాని పేరున్న బిళ్లను కొక్కేనికి తగిలించాలి. అక్కడి గాలికి సరిపడినన్నే కొక్కేలు ఉంటాయి. కొక్కెం ఖాళీ లేకపోతే బండి బయటే ఆగాలి. కోట్లు ఖర్చయ్యే పరికరాలకంటే ఆ కొక్కేల బోర్డు ఎక్కువ మేలు చేసిందని నేను ఇప్పటికీ అందరికీ చెబుతాను.

కొత్తబావి

దక్షిణతీరం గారూ, పేలుడు రక్షణ ఉన్న డీజిల్ ఇంజిన్ అంటే లోపల ఏం మారుతుంది? ఎలక్ట్రిక్ మోటారుకు ఫ్లేమ్‌ప్రూఫ్ పెట్టె అంటే అర్థమవుతుంది. లోపల మంటే మండే ఇంజిన్‌కు అది ఎలా సాధ్యం?

దక్షిణతీరం

మంచి ప్రశ్న. మంట ఇంజిన్ లోపల ఉండవచ్చు, అది బయటి గాలిని తాకకూడదు. గాలి లోపలికి పోయే దారిలోనూ పొగ బయటకు వచ్చే దారిలోనూ ఫ్లేమ్ అరెస్టర్లు ఉంటాయి. సన్నని లోహపు పలకల మధ్య నుంచి పోయేటప్పుడు మంట చల్లారిపోతుంది. పొగ మానిఫోల్డ్ చుట్టూ నీటి జాకెట్ ఉంటుంది. ఇంజిన్ బయటి ఉపరితలం ఏదీ 150 డిగ్రీల సెల్సియస్ దాటకూడదు, ఎందుకంటే దాని మీద పేరుకునే బొగ్గు ధూళి పొర అంతకంటే వేడెక్కితే పొగతో రాజుకోవడం మొదలవుతుంది. స్టార్ట్ చేయడానికి బ్యాటరీ బదులు సాధారణంగా గాలి పీడనమో హైడ్రాలిక్ పీడనమో వాడతారు.

అన్నిటికంటే ముఖ్యమైనది గాలి దారిని మూసే కవాటం. చుట్టూ ఉన్న గాలిలో మీథేన్ ఉంటే ఇంజిన్ దాన్ని కూడా ఇంధనంగా పీల్చుకుంటుంది. అప్పుడు డీజిల్ ఆపేసినా ఇంజిన్ ఆగదు, వేగం పెరుగుతూ పోతుంది. దాన్ని ఆపే మార్గం ఒక్కటే, గాలిని మూసేయడం. ఈ కవాటం నెలల తరబడి వాడకపోతే ధూళి పట్టి బిగుసుకుపోతుంది. అందుకే షిఫ్ట్ మొదట్లో ఇంజిన్‌ను ఒకసారి ఆ కవాటంతోనే ఆపి చూడాలని నేను పట్టుబడతాను.

పొగ చల్లబడేది నీటి స్క్రబ్బర్‌లో, అంటే పొగను నీటి గుండా పంపే తొట్టిలో. నిప్పురవ్వలు అక్కడే చల్లారతాయి. కానీ స్క్రబ్బర్ మసిలో కొంత భాగాన్నే పడుతుంది, మిగిలిన దాని కోసం దాని వెనుక మార్చే ఫిల్టర్ పెడతారు. నీరు తగ్గితే వేడి పొగ నేరుగా ఆ ఫిల్టర్‌కు తగిలి అది అంటుకుంటుంది. ఇటువంటి ఫిల్టర్ మంటలు నిజంగా జరిగాయి. కాబట్టి నీటి మట్టం తగ్గితే ఇంజిన్ తనంతట తానే ఆగే ఏర్పాటును ఎవరూ వైరు కట్టి నొక్కిపెట్టకుండా చూడాలి.

శ్వాస (వృత్తి ఆరోగ్య వైద్యురాలు)

నేను వైద్యం వైపు నుంచి చెబుతాను. 1988లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ డీజిల్ పొగను బహుశా క్యాన్సర్ కలిగించేదిగా వర్గీకరించింది. 2012 జూన్ 12న దాన్ని మొదటి వర్గంలోకి, అంటే మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని తగిన ఆధారం ఉన్న వర్గంలోకి మార్చింది. ఆ నిర్ణయానికి బలమైన ఆధారాల్లో ఒకటి అదే ఏడాది వచ్చిన అమెరికా గని కార్మికుల అధ్యయనం. 8 అలోహ గనుల్లో పనిచేసిన 12,315 మందిని ఏళ్ల తరబడి అనుసరించి చేసిన పని అది. బొగ్గు గనులను కాక అలోహ గనులను ఎందుకు ఎంచారంటే, అక్కడ రేడాన్, సిలికా, ఆస్బెస్టాస్ వంటివి తక్కువ కాబట్టి ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు కారణం డీజిలేనా అన్నది స్పష్టంగా తేల్చవచ్చు. బొగ్గు కార్మికుడికి ఈ మసి, బొగ్గు ధూళి, రాయి పొర కోసినప్పటి సిలికా కలిసి వస్తాయన్నది మరింత జాగ్రత్తపడవలసిన విషయమే తప్ప, ఆ అధ్యయనం మనకు వర్తించదని చెప్పడానికి సాకు కాకూడదు.

ఓవర్‌మ్యాన్ గారి అబ్బాయి చెప్పిన లక్షణాల్లో తలనొప్పి కార్బన్ మోనాక్సైడ్ వల్ల రావచ్చు, కళ్ల మంట ఆల్డిహైడ్లు, నైట్రోజన్ డయాక్సైడ్ వల్ల రావచ్చు. రక్తంలో కార్బన్ మోనాక్సైడ్ ఎంత చేరిందో తెలియాలంటే షిఫ్ట్ ముగిసిన వెంటనే పరీక్షించాలి, మర్నాడు ఆసుపత్రికి వెళితే జాడ ఉండదు. నైట్రోజన్ డయాక్సైడ్ ఇంకా మోసకారి. ఎక్కువ మోతాదులో పీల్చినవాడు షిఫ్ట్ ముగించి ఇంటికి నడిచి వెళ్లి, గంటల తరువాత ఊపిరితిత్తుల్లో నీరు చేరి ప్రమాదంలో పడవచ్చు. దగ్గు, ఆయాసం ఉన్నవారిని ఒంటరిగా పంపకూడదు.

అయిదేళ్లకొకసారి జరిగే నిర్ణీత వైద్య పరీక్షలో తీసే ఛాతీ ఎక్స్‌రే బొగ్గు ధూళి జబ్బును గుర్తించడానికి పనికొస్తుంది. డీజిల్ మసికి ఎక్స్‌రేలో ప్రత్యేకమైన గుర్తు లేదు. అందువల్ల ఎక్స్‌రే బాగుందన్న మాట ఇక్కడ భరోసా కాదు. ఎవరు ఏ యంత్రం దగ్గర ఎన్ని గంటలు పనిచేశారన్న రికార్డు ఉంటేనే ఇరవై ఏళ్ల తరువాత ఆ మనిషికి న్యాయం జరుగుతుంది. ఆ రికార్డు ఈరోజు నుంచే రాయాలి.

ఇంజనీర్లకు ఒక విన్నపం. కొన్ని ప్లాటినం పూత ఫిల్టర్లు మసిని, కార్బన్ మోనాక్సైడ్‌ను తగ్గిస్తూనే నైట్రిక్ ఆక్సైడ్‌ను నైట్రోజన్ డయాక్సైడ్‌గా మారుస్తాయని చదివాను. పొగ శుభ్రంగా కనిపిస్తుంది, విషం పెరుగుతుంది. ఫిల్టర్ ఎంచేటప్పుడు ఈ సంగతి చూస్తున్నారా?

అప్పలాచియా

డాక్టర్ గారు చెప్పినది అక్షరాలా నిజం. అటువంటి ఫిల్టర్ పెట్టిన యంత్రం దగ్గర నైట్రోజన్ డయాక్సైడ్ మీటర్ లేకుండా పనిచేయించకూడదు. వారపు పరీక్షలో కార్బన్ మోనాక్సైడ్ ఒక్కటే చూసి బాగుందనుకుంటే ఈ మార్పు కనిపించదు.

గాలిలెక్క

మన సీములకు (బొగ్గు పొరలకు) సంబంధించి ఎవరూ ఇంకా ఎత్తని విషయం ఒకటి ఉంది. గోదావరి లోయ బొగ్గులో తనంతట తాను వేడెక్కే గుణం మనందరికీ తెలుసు. గోఫ్‌లో (బొగ్గు తీసేసి వదిలిన ఖాళీలో) వేడి మొదలైందా లేదా అని మనం కనిపెట్టేది రిటర్న్ గాలిలో కార్బన్ మోనాక్సైడ్ పెరుగుదలను, ఆక్సిజన్ లోటుతో దాని నిష్పత్తిని చూసి. డీజిల్ బండి అదే గాలిలోకి కార్బన్ మోనాక్సైడ్ వదిలితే ఆ నిష్పత్తి చెదిరిపోతుంది. మొదట కొన్నిసార్లు బండి వల్ల అలారం మోగుతుంది. “బండి పోయి ఉంటుందిలే” అనడం అలవాటవుతుంది. ఆ అలవాటే నిజమైన వేడి మొదలైన రోజున ప్రాణాంతకం. ఇంజిన్ పొగలో నైట్రిక్ ఆక్సైడ్ కూడా ఉంటుంది, వేడెక్కే బొగ్గు నుంచి అది ఆ విధంగా రాదు. కాబట్టి రెండింటినీ కలిపి చూసే సెన్సర్లు పెడితే కొంతవరకు విడదీయవచ్చు. అంతకంటే ముందు, బండి ఏ సమయంలో ఏ సెన్సర్ దాటిందో కంట్రోల్ గదికి తెలిసే ఏర్పాటు ఉండాలి. మూసిన ప్యానెళ్ల రిటర్న్ వైపు డీజిల్ బండి రానివ్వకపోవడమే ఉత్తమమని నా వ్యక్తిగత అభిప్రాయం.

వేడి విషయం కూడా చెప్పాలి. డీజిల్‌లో ఉన్న శక్తిలో దాదాపు మూడో వంతే పనికి వస్తుంది, చివరకు మొత్తం వేడిగానే గాలిలో కలుస్తుంది. అంటే అదే పని చేసే ఎలక్ట్రిక్ యంత్రం కంటే రెండు మూడు రెట్ల వేడి. నీటి స్క్రబ్బర్ దానికి ఆవిరిని కూడా జోడిస్తుంది. మన నిబంధనల్లో తడి బల్బు ఉష్ణోగ్రత (గాలిలోని తేమను కూడా లెక్కలోకి తీసుకునేది) 33.5 డిగ్రీలు మించకూడదు, 30.5 దాటితే గాలి వేగం సెకనుకు కనీసం ఒక మీటరు ఉండాలి. లోతైన మన గనుల్లో ఇప్పటికే ఈ హద్దుకు దగ్గరగా ఉన్న ఫేస్‌లలో డీజిల్ దింపితే, మసి కంటే ముందు వేడే పని ఆపిస్తుంది.

విద్యుత్‌బండి (ఎలక్ట్రికల్ విభాగం)

అందువల్లే నా ప్రశ్న: డీజిల్ ఎందుకు? అమెరికా బొగ్గు గనుల్లో లెడ్ ఆసిడ్ బ్యాటరీ మీద నడిచే మనుషుల బండ్లు, స్కూపులు దశాబ్దాలుగా ఉన్నాయి. పొగ లేదు, మసి లేదు. మన ఎస్‌డీఎల్‌లు, షటిల్ కార్లు కేబుల్ మీద నడుస్తూనే ఉన్నాయి. సామాన్ల రవాణాకు కూడా ఆ దారినే పోదాం.

దక్షిణతీరం

బ్యాటరీ వైపు వెళ్లాలన్నది నా కోరిక కూడా. కానీ అది ప్రమాదం లేనిది కాదు. ఛార్జింగ్ సమయంలో హైడ్రోజన్ వస్తుంది కాబట్టి ఛార్జింగ్ స్టేషన్ గాలి మనుషుల వైపు కాకుండా నేరుగా రిటర్న్‌లోకి పోవాలి. లిథియం బ్యాటరీ ఒకసారి అంటుకుంటే ఆర్పడం చాలా కష్టం, దాని పొగ కూడా విషమే. ముప్పై టన్నుల షీల్డును ఏటవాలు రోడ్డులో కిలోమీటర్ల దూరం మోసే పనికి డీజిల్‌ను పూర్తిగా వదిలే స్థితి ఇంకా రాలేదు. మనుషుల బండ్లతో మొదలుపెట్టవచ్చు. రోజూ ఎక్కువమంది పొగ పీల్చేది ఆ బండ్ల దగ్గరే.

నల్లనేల

ఇంధనం గురించి కూడా ఎవరైనా చెప్పండి. మా దగ్గరి ఒక కాంట్రాక్టరు బయట బంకులో కొన్న డీజిలే వాడతామంటున్నాడు.

అప్పలాచియా

గంధకం విషయంలో భారతదేశపు డీజిల్ ఇప్పుడు మంచి స్థితిలో ఉంది. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్ 6 ప్రకారం గంధకం 10 పీపీఎం (పది లక్షల్లో 10 భాగాలు) మించకూడదు. అమెరికా గని నియమం 1996లో 500 పీపీఎం వరకు అనుమతించింది. ఫ్లాష్ పాయింట్, అంటే ఇంధనపు ఆవిరి నిప్పు తగిలితే అంటుకునే కనిష్ఠ ఉష్ణోగ్రత, దగ్గర జాగ్రత్త అవసరం. ఇక్కడ గనిలో వాడే డీజిల్‌కు కనీసం 38 డిగ్రీల సెల్సియస్ ఉండాలి. మన ఇంధన ప్రమాణం ఐఎస్ 1460 సాధారణ డీజిల్‌కు కనీసం 35 డిగ్రీలు చెబుతుంది. కొలిచే పద్ధతులు వేరు కాబట్టి అంకెలను నేరుగా పోల్చలేం గానీ, భూగర్భానికి పంపే ప్రతి ట్యాంకరుకూ పరీక్షా పత్రం అడగడం సమంజసమే. అంతకంటే ముఖ్యంగా, డబ్బాల్లో కిందికి తీసుకెళ్లి గరాటుతో పోయడాన్ని మొదటి రోజే నిషేధించండి.

బాయిదీపం

అందరికీ కృతజ్ఞతలు. ఈ వారం మా తమ్ముడి కొడుకుతో మాట్లాడి, మీరు చెప్పిన వాటిని వాడి చేత ఒక తెల్లకాగితం మీద రాయించాను. సేఫ్టీ కమిటీ సమావేశంలో అడగవలసిన మొదటి ప్రశ్న, ఆ బండ్లకు ఇచ్చిన అనుమతి పత్రంలోని షరతులు చదవడానికి ఇవ్వగలరా అన్నది. రెండోది, లోడు పెట్టి పొగలో కార్బన్ మోనాక్సైడ్ కొలిచిన రిజిస్టరు ఎక్కడుంది, కొలిచేటప్పుడు కార్మికుల ఇన్‌స్పెక్టర్ పక్కన ఉండవచ్చా అన్నది. మూడోదిగా, ఆ కొక్కేల బోర్డు గురించి అడగమన్నాను, దానికి ఖర్చు లేదు కాబట్టి కాదనడానికి కారణం ఉండదు.

వాడొక మాట చెప్పాడు. నైట్రోజన్ డయాక్సైడ్ మీటర్ తమ గనిలో ఒకటి ఉందట. రెస్క్యూ గదిలో పెట్టెలో ఉందట. దాన్ని షిఫ్ట్‌కు కిందికి పంపమని అడగడం నాలుగో ప్రశ్నగా చేర్చాం.

గాలిలెక్క

ఆ మీటర్‌ను కిందికి పంపే ముందు కాలిబ్రేషన్ తేదీ చూడమనండి. పెట్టెలోనే ఉండిపోయిన సెన్సర్ కూడా కాలం గడిచేకొద్దీ పాడవుతుంది. అది సున్నా చూపిస్తే గాలి బాగుందని కాదు. తెలిసిన గాఢత ఉన్న గ్యాస్‌తో పరీక్షించిన చీటీ దాని మీద అంటించి ఉండాలి.

బాయిదీపం

చెప్పాను. తేదీ చూసి రేపు ఫోన్ చేస్తానన్నాడు.